ఫైళ్ల చిట్టాను చదివే సాఫ్ట్‌వేర్

డిస్కులో సాధారణంగా ఫైలు ఒకచోట, దాని వివరాలు మరోచోట ఉంటాయి. పేరు, పరిమాణం, తేదీలు, డిస్కులో ఎక్కడెక్కడ ఉందన్న లెక్క ఫైల్ సిస్టమ్ విడిగా రాసుకుంటుంది. నేర పరిశోధనలో ఈ రికార్డులే కీలకం. అయితే నడుస్తున్న కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే చివరిసారి చదివిన సమయం మారిపోవచ్చు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగకుండా, డిస్కు నకలులోని బైట్లను నేరుగా చదివే సాఫ్ట్‌వేర్ అవసరమైంది.

2000లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా విడుదల చేసిన కరోనర్స్ టూల్‌కిట్ చొరబాటుకు గురైన యూనిక్స్ యంత్రాల కోసం రాసినది. అందులోని మ్యాక్‌టైమ్ ఫైళ్ల సమయాలన్నిటినీ ఒకే వరుసలో పేర్చి, ఏ గంటలో ఏ ఫైలు కదిలిందో చూపేది.

విండోస్ సంగతి వేరు. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అమరికను మైక్రోసాఫ్ట్ పూర్తిగా బయటపెట్టలేదు. ఆ డిస్కులను లినక్స్‌లో చదవాలనుకున్న ప్రోగ్రామర్లు బైటు బైటూ పరిశీలించి దాన్ని రాసిపెట్టారు. ఎంతో ఓపికతో చేసిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదు. ఫార్మర్, వెనెమాల కోడ్ ఆధారంగా బ్రయాన్ క్యారియర్ రూపొందించిన స్లూత్ కిట్ ఎన్‌టీఎఫ్ఎస్‌నూ చదివింది.

ఎన్‌టీఎఫ్ఎస్ రికార్డులన్నీ మాస్టర్ ఫైల్ టేబుల్‌లో ఉంటాయి. ఒక్కోటి సాధారణంగా 1,024 బైట్లు. దాని మొదట్లో ఎఫ్, ఐ, ఎల్, ఈ అక్షరాలుంటాయి. ప్రతి 512 బైట్ల చివరి రెండింటినీ వేరేచోట దాచి, వాటి స్థానంలో తనిఖీ సంఖ్య పెడతారు. వాటిని ముందు యథాస్థానానికి చేర్చకపోతే అక్కడి విలువ తప్పుగా వస్తుంది. సమయాన్ని 1601 జనవరి 1 నుంచి సెకనులో కోటో వంతు చొప్పున లెక్కిస్తారు. ఫైలును తొలగిస్తే రికార్డు వాడుకలో ఉందన్న గుర్తు పోతుంది. మరో ఫైలు ఆ చోటు తీసుకునేదాకా రికార్డు మిగిలే ఉంటుంది. చిన్న ఫైలైతే అందులోని సమాచారం కూడా రికార్డులోనే దొరుకుతుంది.

డేవిడ్ కోవర్ పైథాన్‌లో రాసిన అనలైజ్‌ఎంఎఫ్‌టీ, తర్వాత ఎరిక్ జిమ్మర్‌మన్ ఎంఎఫ్‌టీఈసీఎండీ ఈ టేబుల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరవగలిగే వరుసలుగా మార్చాయి. ఫైలు రికార్డులో సాధారణంగా కనీసం రెండు గుంపుల సమయాలుంటాయి: మామూలు ప్రోగ్రాములు మార్చగలిగేవి ఒకటి, ఫైలు పేరుతోపాటు నమోదయ్యేవి రెండోది. తేదీలను ఎవరైనా దిద్దితే రెండూ పొసగకపోవచ్చు. అయినా ఆ తేడా ఒక్కటే మోసానికి రుజువు కాదు. జిప్ నుంచి పాత ఫైలును బయటికి తీసినా ఇలాగే కనిపించవచ్చు.