భోగి పొద్దున మూడు నిప్పులు

తెల్లవారుజామున నాలుగున్నర. విజయనగరం వైపు ఒక పల్లె. అరుగు దిగేసరికి మంచు మొహానికి చల్లగా తగులుతుంది. వీధి దీపం వెలుగు కనిపిస్తోంది గానీ స్తంభం కనిపించడం లేదు. రామాలయం ముందు భోగి మంటకి అన్నీ పేర్చి ఉంచారు. మామిడి దుంగలు, కాలు విరిగిన బల్ల, చెదలు తిన్న ద్వారబంధం, పైన తాటాకులు. అగ్గిపుల్లలు అయిపోతున్నాయి, మంట మాత్రం లేవడం లేదు. రాత్రంతా మంచు తాగిన కట్టె మరి.

ఇంటర్ చదివే కుర్రాడొకడు బైకు దగ్గరికి పరిగెత్తి సీసాలో పెట్రోలు పట్టుకొచ్చాడు. మూత తీస్తుంటేనే కాస్త ప్యాంటు మీద చిందింది. మీరు రెండడుగుల దూరంలో ఉన్నారు, వాసన ముక్కుకి తగులుతోంది. వాసన తగిలిందంటే ఆవిరి మీ దాకా వచ్చేసినట్టే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. అగ్గిపుల్ల గీసినవాడు దుంగలు అంటుకుంటాయని చూస్తుంటాడు, మంట వాడి పాదాల దగ్గర లేస్తుంది. తడిసిన ప్యాంటు దాన్ని నడుం దాకా తీసుకుపోతుంది.

శాలువా కప్పుకున్న పెద్దాయన ఒకరు గబగబా వచ్చి సీసా లాక్కున్నారు. "మూత పెట్టి దూరంగా పెట్రా. ముందు పోయి ఆ ప్యాంటు మార్చుకురా. ఎవరైనా పాకలోంచి ఎండు కొబ్బరాకులు తెండర్రా!" 

ఎండు కొబ్బరాకు చిటపటమంటూ అందుకుంది. రెండు నిమిషాల్లో వీధంతా ఎర్రబడింది. జనం అరచేతులు చాపారు.

ఇప్పుడు పిల్లలు వస్తారు. మీ అన్నయ్య కూతురికి ఏడేళ్లు. తలంటు అయ్యాక వేసుకోవాల్సిన కొత్త ఫ్రాకు ఆగలేక ఇప్పుడే వేసేసుకుంది. నెట్ ఫ్రాకు, నడుం దగ్గర్నుంచి గొడుగులా విచ్చుకుని నాలుగైదు పొరలుగా నిలబడింది. మెడలో భోగి పిడకల దండ. దాన్ని తన చేత్తోనే మంటలో వెయ్యాలి. మీరు వెనకే నడవండి, ఆ అమ్మాయి ఎత్తుకి వంగి చూడండి. దండ విసరడానికి పిల్ల ముందుకి వంగింది. ఒళ్లు మంటకి మూడడుగుల దూరంలో ఉంది. ఫ్రాకు అంచు మాత్రం అడుగున్నర దూరానికి వెళ్లింది. పిల్ల మొహం మీద సెగ తెలుస్తుంది, గిట్టకపోతే వెనక్కి తగ్గుతుంది. ఫ్రాకు అంచుకి ఆ తెలివి లేదు.

తాటాకు మట్ట ఒకటి ఫట్‌మని పేలింది. నిప్పురవ్వలు లేచాయి. ఒకటి ఫ్రాకు మీద వాలింది. మీరు చెయ్యి పట్టి లాగేలోపే ఆరిపోయింది. అరుగు మీద కూచోబెట్టి, ఫోన్ లైటు వేసి చూడండి. నెట్‌లో పెసరగింజంత కన్నం. దాని చుట్టూ దారం కరిగి, నల్లటి గట్టి అంచు కట్టింది. వేలితో తడిమితే గరుగ్గా గుచ్చుకుంటుంది. నైలాను సుమారు 220 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, పాలిస్టరు 250 దాటాక. చిన్న రవ్వకి కరిగి, అక్కడితో ఆగింది. మంటే తగిలి ఉంటే కరిగిన బొట్టు మండుతూ కిందికి జారేది, చర్మానికి అంటుకునేది. అంటుకున్నాక విదిలిస్తే ఊడదు. పైగా నెట్‌లో ప్రతి దారం చుట్టూ గాలి ఉంది. పొరకీ పొరకీ మధ్య కూడా గాలే. మంటకి కావలసింది అదే.

పండగకి కొన్న బట్టల లోపలి కుట్టు అంచుల్లోంచి ఒక్కో పోగు లాగి ఒకసారి పరీక్ష చెయ్యమని నేను అందరికీ చెబుతుంటాను. పిల్లల్ని దూరంగా ఉంచి, పోగుని పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టుకుని వెలిగించండి. నూలు పోగు కాగితం వాసనతో చకచకా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు మంటని చూసి ముడుచుకుంటుంది, తర్వాత నల్లటి పొగతో మండుతుంది, చివర గట్టి పూస మిగులుతుంది. పెద్దాయన కప్పుకున్న అసలు ఉన్ని శాలువా పోగు అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీసెయ్యగానే తనంతట తనే ఆరిపోతుంది. లెక్క కూడా ఉంది దీనికి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. నూలు మండుతూ ఉండడానికి 18 శాతం సరిపోతుంది. ఉన్నికి 25 శాతం దాకా కావాలి. నూలు వేసుకుంటే నిప్పు దగ్గర భయం లేదని మన పెద్దవాళ్లు చెప్పేది సగమే నిజం. కరిగి అంటుకోదు, అంతవరకే. అంటుకోవడంలో నూలు ఎవరికీ తీసిపోదు. వదులుగా వేలాడే పల్చటి నూలు చీర మరీను.

ఇంట్లోకి రండి. వెనక గదిలో మీ చెల్లెలు, నెల దాటని బాలింత. మామ్మ తలంటు పోసి, నులక మంచం మీద కూచోబెట్టి, జుట్టు విరబోసి సాంబ్రాణి పొగ వేస్తోంది. మంచం పక్కన కుంపటి. నిప్పుల మీద సాంబ్రాణి పడ్డప్పుడల్లా పొగతో పాటు ఒక చిన్న నాలుక లేస్తుంది. మీరు కుంపటి చూడకండి, మంచం అంచు చూడండి. దుప్పటి ఒక కొస జారి కుంపటికి జానెడు పైన వేలాడుతోంది. ఆ కొస మీదే చెల్లెలి కుచ్చిళ్లు. దుప్పటి మడిచి మంచం మీదకి తొయ్యండి, కుంపటిని మంచానికి దూరంగా జరపండి. కిటికీ ఒక రెక్కయినా తెరవమనండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి బట్టలు అంటించకపోయినా ఊపిరి తీస్తుంది. మామ్మ "చంటిదానికి చలి" అంటుంది. చంటిదానికి ఇంకో దుప్పటి చుట్టచ్చు. ఊపిరికి మారు లేదు.

గది అవతలి మూల బావగారు తెచ్చిన రాడ్ హీటరు ఎర్రగా వెలుగుతోంది. దాని ముందుకి ప్లాస్టిక్ కుర్చీ లాగి, వీపు మీద పొత్తిగుడ్డలు ఆరేశారు. మంచుకాలంలో దండెం మీద ఆరవు కాబట్టి ఇలా ఆరేయడం ఇంటింటా ఉన్నదే. మీ చెయ్యి కుర్చీ దగ్గర పెట్టి చూడండి, ఎంతసేపు ఉంచగలరో. ఆ సెగ గాలిలో తేలుతూ రాదు. వెలుతురు లాగే తిన్నగా వచ్చి తగులుతుంది. గుడ్డలో తడి ఉన్నంతసేపు వేడంతా ఆ తడిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. తడి ఆరిన క్షణం నుంచి గుడ్డే వేడెక్కుతుంది, పచ్చబడుతుంది, గోధుమరంగుకి తిరుగుతుంది. రాడ్‌కి తగలకుండానే అంటుకోగలదు. ఎవరైనా పక్కనుంచి వెళ్తూ కుర్చీని మోచేత్తో కదిపినా చాలు. మంచం, దుప్పటి, బట్ట, కర్టెను, ఏదైనా సరే హీటరుకి మూడడుగుల అవతల ఉండాలి. పడుకునే ముందు స్విచ్ ఆపెయ్యాలి. కుర్చీ తీసేశారా? పదండి, వంటింట్లోంచి నూనె వాసన వస్తోంది.

వదిన గారెలు వేస్తోంది. నాలుగింటికే లేచింది, నైటీ మీద చున్నీ వేసుకుని ఉంది. ముందు బర్నర్ మీద మూకుడు, వెనక బర్నర్ మీద సన్నసెగన పాలు. రెండు బర్నర్ల మధ్య చోటు లేదు, వంటగట్టు చిన్నది. స్టవ్‌కి సరిగ్గా వెనక గోడకి చెక్క అర, దాని మీద ఉప్పు, ఇంగువ, నెయ్యి, యాలకులు. పాలు పొంగకుండా చూస్తూ, గారె తిప్పుతూ, యాలకుల కోసం వదిన కుడిచెయ్యి చాపింది. మునివేళ్ల మీద నిలబడి, నడుం గట్టుకి ఆనించి. చూపు అర మీద ఉంది.

చున్నీ భుజం మీంచి జారింది. కొస పాలగిన్నె పక్కకి వెళ్లింది. సన్నసెగ నీలంగా ఉంటుంది, పొద్దుటి ట్యూబ్‌లైటు వెలుగులో ఉందో లేదో తెలియదు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అంచు మీద పసుపు గీత ఒకటి పైకి నడిచింది. నిలువుగా వేలాడే గుడ్డకి కింద అంటుకుంటే మంటకి పైకెక్కడం తేలిక. పైనున్న గుడ్డని తనే ముందు వేడి చేసుకుంటూ పోతుంది. వదిన డబ్బా అందుకునేసరికి అది మోచెయ్యి దాటింది. నైటీ పక్కభాగం అందుకుంది. అది సగం నూలు, సగం పాలిస్టరు. అలాంటి నేతలో పాలిస్టరు కరిగి జారిపోవాలని చూస్తుంది, నూలు పోగు దాన్ని దీపంలో వత్తి నూనెని పట్టినట్టు పట్టి ఉంచుతుంది. అందుకే రెండూ కలిసి మొండిగా మండుతాయి.

"అమ్మో!" అని వదిన వాకిలి వైపు పరిగెత్తబోయింది. ఎవరైనా పరిగెడతారు. పరుగంటే మంటకి గాలి. నిలబడి ఉంటే మంట మొహానికి ఎక్కుతుంది.

"వదినా, కింద పడుకో! పడుకుని దొర్లు! మొహం చేతులతో కప్పుకో!"

గట్టిగా అరవండి. మీ భుజం మీద తువ్వాలు తీసి అవతల పడెయ్యండి, అప్పుడే ముందుకెళ్లండి. కుర్చీ మీద బొచ్చు బ్లాంకెట్ మెత్తగా కనిపిస్తోంది. వద్దు, అది పాలిస్టరు. మంచం మీది బొంత లాగండి. పాత నూలు చీరలు పొరలు పొరలుగా కుట్టిన బరువైన బొంత. భుజాల దగ్గర్నుంచి కాళ్ల వైపుకి కప్పుతూ అదమండి, మంట మొహం వైపు రాకుండా. అన్నయ్య స్టవ్ ఆపి రెగ్యులేటర్ కట్టేశాడు. ఆరిపోయింది. పది పదిహేను సెకన్లు పట్టి ఉంటుంది అంతా కలిపి.

1871లో ఐర్లండ్‌లో రచయిత ఆస్కార్ వైల్డ్ సవతి అక్కలు ఇద్దరూ ఒక విందులో ఇలాగే కాలి, ఆ తర్వాత పోయారు. చలిమంట దగ్గర ఒకరి గౌను అంటుకుంటే, ఆర్పబోయిన రెండో ఆమె గౌనూ అంటుకుంది. మిమ్మల్ని తువ్వాలు పడెయ్యమన్నది అందుకే.

పెరట్లో కుళాయి తిప్పండి. గాజులు, ఉంగరం ముందు తీయించండి, వాపు వచ్చాక రావు. మోచేతి కింద, నడుం పక్కన కాలింది. చర్మానికి అతుక్కున్న నైటీ ముక్కని ఊడలాగకండి, దాని చుట్టూ కత్తెరతో కత్తిరించండి. మామూలు కుళాయి నీళ్లు, సన్నటి ధారగా, 20 నిమిషాలు. ఐసు వద్దు. చలిలో వణక్కుండా మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. మామ్మ ఒక చేత్తో టూత్‌పేస్టు, ఇంకో చేత్తో పసుపు తెచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి. "వద్దు మామ్మా, డాక్టరు గాయం చూడాలి కదా. నువ్వు వదిన తల పట్టుకో" అనండి. మామ్మ పట్టుకుంటుంది. అన్నయ్య 108కి ఫోన్ చేస్తున్నాడు.

ఈ 20 నిమిషాల్లో చుట్టుపక్కల వాళ్లంతా వస్తారు. అందరి నోటా ఒకటే మాట: "జాగ్రత్తగా ఉండొద్దూ, తల్లీ!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె మండుతుంది. నాలుగింటికి లేచి ఎనిమిది మందికి వండుతున్న మనిషికి జాగ్రత్త నేర్పుతామా? మండే పొయ్యి మీదుగా చెయ్యి చాపితే తప్ప ఉప్పు అందని చోట అర కొట్టిందెవరు? అది కట్టిన రోజు ఈ ఇంట్లో వండేవాళ్లని ఎవరూ అడగలేదు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లంతా అజాగ్రత్త మనుషులేనా?

ఇంగ్లండులో చలిమంటలకి పిల్లల బట్టలు అంటుకుంటుంటే తల్లుల్ని మందలించి ఊరుకోలేదు. గ్యాసు, కరెంటు, చమురు హీటర్లని కంచె లేకుండా అమ్మకూడదని 1952లో చట్టం తెచ్చారు. 1964లో ఆడపిల్లల రాత్రి గౌన్ల గుడ్డకి నిబంధనలు పెట్టారు. అమెరికాలో బొచ్చు తేలిన రేయాన్ స్వెటర్లు భగ్గున అంటుకుంటుంటే 1953లో బట్టల మీదే చట్టం చేశారు. బాధ్యత హీటరు చేసినవాడికి, గుడ్డ నేసినవాడికి చేరింది. మన పిల్ల ఫ్రాకు అట్ట తిప్పి చూడండి. ధర ఉంది, సైజు ఉంది. నిప్పు గురించి ఒక్క మాట లేదు. ఆ మాట అట్ట మీద ఉండాలని అడగడం మన హక్కు.

వదిన మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి వచ్చింది. చేతికి కట్టు, మళ్లీ మూడోనాడు చూపించుకోవాలి. మచ్చ మిగులుతుందో లేదో అప్పుడు చెబుతామన్నారట. అన్నయ్య అప్పటికే సుత్తి పట్టుకుని వంటింట్లో ఉన్నాడు. డబ్బాలన్నీ దించి అర మేకులు ఊడబెరుకుతున్నాడు. కొత్తది స్టవ్‌కి ఎడమపక్క గోడకి, భుజమంత ఎత్తులో కొట్టాలట. మామ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఎడమపక్కకి కొడితే నీళ్ల బిందె ఎక్కడ పెడతావురా?" అంది. వదిన మంచం మీంచే జవాబు చెప్పింది. "బిందె నేను చూసుకుంటాను. కొట్టే ముందు నన్నొకసారి పిలిచి, నా చెయ్యెక్కడి దాకా అందుతుందో చూసుకుని కొట్టమనండి."