గిరాకీ ఎక్కడినుంచి వస్తుంది?

హోటల్ పెట్టిన మన పిల్లలు గిరాకీ ఎలా పెంచాలని అడుగుతుంటారు. మనందరం తిన్న ఎమ్‌టీఆర్ కథే చెప్పుకుందాం.

1924లో మైయా సోదరులు ఇక్కడ చిన్న కాఫీ హోటల్‌గా మొదలుపెట్టారు. 1951లో యజ్ఞనారాయణ మైయా యూరప్ వెళ్ళి, అక్కడి శుభ్రత చూసొచ్చి ఇక్కడా పాటించారు. వచ్చినవాళ్ళకు వంటగది చూపించారు.

ఎమర్జెన్సీలో ధరలు తగ్గించాలని ప్రభుత్వం ఆజ్ఞ. సరుకులో మాత్రం వాళ్ళు తగ్గలేదు. నష్టానికే అమ్మి, ఏ రోజు నష్టం ఆ రోజు బోర్డు మీద రాశారు. చివరికి హోటల్ మూయక తప్పలేదు. పనివాళ్ళకు పని ఉండాలని పొడులు, ఇడ్లీ పిండి పొట్లాలు కట్టి అమ్మారు. హోటల్ మూతపడినా జనం కొన్నారు. తరవాత హోటలూ మళ్ళీ తెరుచుకుంది.

కరపత్రాలు పంచేముందు ఒకటి ఆలోచిద్దాం: మన వంటగది తలుపు తెరిచి చూపించగలమా?