అతుకుల బొంత అందరి చేతికీ వచ్చిన కథ

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లోనైనా, తెలంగాణలోని మరే ఊళ్లోనైనా బొంత కుట్టే తీరు దాదాపు ఒక్కటే. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరుస్తారు. నాలుగు అంచులూ మడిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుడతారు. చంటిబిడ్డ కిందికైనా, చలికాలం పెద్దవాళ్ల మీదికైనా అంతకు మించిన మెత్తన లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. పరిచిన బొంత ఒక్కచోటే ఉంటుంది, దాని చుట్టూ ఇద్దరు ముగ్గురికే చోటు. పది మంది సాయం పడతామన్నా పని పంచుకునే వీలుండదు.

ఈ చిక్కు విప్పిన ఉపాయం 19వ శతాబ్దంలో అమెరికాలో బాగా వ్యాపించింది. 1840ల నాటికి అక్కడి ఆడవాళ్లు ఒకే కొలతలో చదరపు ముక్కలు విడివిడిగా కుట్టి, చివర్లో కలిపి దుప్పటి చేయడం అలవాటు చేసుకున్నారు. ఆ చదరమే బ్లాక్. బాల్టిమోర్‌లో తయారైన 'ఆల్బమ్' దుప్పట్లలో చాలావాటి మీద బ్లాకుకో పేరు కనిపిస్తుంది. పెళ్లికో, ఊరు విడిచి వెళ్లే పాదిరికో ఇచ్చే కానుకలో అందరికీ తలా ఒక చదరం వాటా దక్కింది.

1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఈ పద్ధతి కానుకల నుంచి సేవకు మళ్లింది. గాయపడ్డ సైనికులకు దుప్పట్లు కావాలి, అవీ తొందరగా కావాలి. సైనికుల సాయానికి ఆ ఏడాదే ఏర్పడిన శానిటరీ కమిషన్‌కు ఊరూరా మహిళా సంఘాలు కుట్టి పంపాయి. మెయిన్, మసాచుసెట్స్ ప్రాంతాల్లో కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. పైగుడ్డ, మధ్యలో దూది, అడుగుగుడ్డ కలిపి, అంచు కూడా కట్టి, ప్రతి బ్లాకునూ ఎవరింట్లో వాళ్లు పూర్తిగా ముగించేవారు. ఆ తర్వాత అంచుకు అంచు కలిపితే దుప్పటి సిద్ధం. పెద్ద చట్రంతో పని లేదు, పెద్ద గదితోనూ పని లేదు. 1846లో ఎలియాస్ హోవే పేటెంట్ పొందిన కుట్టుమిషన్ క్రమంగా ఇళ్లకు చేరడంతో ముక్కలు కలపడం ఇంకా తేలికైంది.

ఇంతమంది పని ఒకటిగా అతకాలంటే కొలతలో ఒక్కమాట మీద ఉండాలి. ఇప్పుడు ఎక్కువమంది వాడే కొలత 12 అంగుళాల బ్లాక్. చుట్టూ కుట్టు కోసం పావు అంగుళం వదలాలి కాబట్టి పన్నెండున్నర అంగుళాలకు కత్తిరించుకోవాలి. ఒక్కో బ్లాకు పావు అంగుళం తగ్గినా ఎనిమిది బ్లాకుల వరస రెండు అంగుళాలు పొట్టిదవుతుంది. రంగు, పువ్వు, గీత ఎవరిష్టం వాళ్లది. కొలత మాత్రం అందరిదీ ఒక్కటే.

ఈ పద్ధతి దుఃఖాన్ని కూడా మోసింది. ఎయిడ్స్‌తో చనిపోయినవారి కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్, ఆయన మిత్రులు తలపెట్టిన దుప్పటిలో ఒక్కో మనిషి పేరిట 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గుడ్డ ఉంటుంది. అలాంటివి ఎనిమిది కలిస్తే 12 అడుగుల చదరపు బ్లాక్. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు 1,920 గుడ్డలున్నాయి. 1988లో పలు నగరాల్లో ప్రదర్శించినప్పుడు వచ్చిన విరాళాలు రోగుల సేవకు వెళ్లాయి. పిల్లల కోసమూ ఇలాంటి దుప్పటి సేవ ఒకటి వచ్చింది. 1995లో డెన్వర్‌లో కారెన్ లౌక్స్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు చేతితో చేసిన దుప్పట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. 'ప్రాజెక్ట్ లైనస్' అలా పుట్టింది.

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ పనికి కావలసినవన్నీ ఉన్నాయి. చేలల్లో పత్తి పండుతుంది. టైలర్ల దగ్గర ముక్కలు మిగులుతాయి. పొదుపు సంఘాల్లో కూడి కూర్చునే అలవాటు ఉంది. బొంత కుట్టడం తెలిసిన అవ్వలు ఉన్నారు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు ఉన్న పిల్లల బొంతకు 20 బ్లాకులు చాలు. ఇరవై మంది తలా ఒకటి కుడితే, ఆసుపత్రిలో పడుకున్న ఒక బిడ్డకు కప్పడానికి సరిపోతుంది. పూర్తి బొంత కుట్టే తీరిక లేని మనిషికి కూడా ఒక చదరం కుట్టే తీరిక ఉంటుంది. సేవ చేయాలన్న కోరిక ఎంతోమందికి ఉన్నా తీరిక చాలక ఆగిపోతుంది. ఆ కాస్త తీరికనే పనికొచ్చేలా చేయడం ఈ ఉపాయం గొప్పతనం. మన సంఘాలు దీన్ని అందుకోవాలి.