పురానాపూల్ పక్కన చదువులు: ఏది మారాలి, ఏది మారకూడదు?

పురానాపూల్ వయసు హైదరాబాద్ కంటే ఎక్కువే. ఇబ్రహీం కుతుబ్‌షా దాన్ని కట్టించింది 1578లో, నగరం పుట్టింది 1591లో. 1908 మూసీ వరదలో దెబ్బతిని కూడా నిలబడింది. ఈ టపా మాత్రం వంతెన గురించి కాదు, దాని చుట్టుపక్కల నడిచిన చదువుల గురించి.

సత్యం ఎక్కడైనా ఒకటే కాబట్టి చదువు కూడా ఎక్కడైనా ఒకటే అని 1936లో షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ హచిన్స్ వాదించాడు. లోకం మారుతుంటే చదువు మారకుండా ఎలా ఉంటుందని జాన్ డ్యూయీ విరుచుకుపడ్డాడు. ఈ గొడవ అంతకు చాలా ముందే మన పాతబస్తీలో నడిచింది.

1850ల్లో మొదటి సాలార్‌జంగ్ దారుల్ ఉలూమ్ పెట్టించాడు. అక్కడ అరబ్బీ, పారశీకాలతో పాటు ఇంగ్లీషూ, స్థానిక భాషలూ చెప్పించారు. 1870ల్లో జామియా నిజామియా వచ్చింది. దానికి ఆధారం కాలంతో మారని ధర్మజ్ఞానం. 1887లో వచ్చిన నిజాం కాలేజీది మద్రాసు యూనివర్సిటీ సిలబస్, ఇంగ్లీషు మీడియం.

అసలు మలుపు 1917లో. ఉర్దూ మీడియంలో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టాలని ఏడవ నిజాం ఫర్మానా ఇచ్చాడు. పుస్తకాల కోసం అనువాద సంస్థ పెట్టారు, 1919లో క్లాసులు మొదలయ్యాయి. పురానాపూల్ నుంచి మూసీ దక్షిణ గట్టు వెంట హైకోర్టు వైపు వస్తే కనిపించే సిటీ కాలేజీలో కూడా 1921లో ఉర్దూ మీడియం ఇంటర్మీడియట్ పెట్టారు. వాళ్ళ వాదన సింపుల్. పరాయి భాషలో చదివితే శక్తంతా బట్టీకే పోతుంది, బుర్రకెక్కేది తక్కువ. అలాగని ఇంగ్లీషుని వదల్లేదు, దాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు.

నా దృష్టిలో ఇది కాలంతో మారని సత్యమే. చిక్కల్లా అమలులో వచ్చింది. సంస్థానంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. నల్గొండ పల్లె నుంచొచ్చిన కుర్రాడికి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. పరాయి భాష వద్దన్న వాదన అతని గడప దాకా రాలేదు. 1948 తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. మార్పు వచ్చింది సరే, ఆ కుర్రాడికి ఒరిగిందేంటి?

మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ అదే, ఇంప్లిమెంటేషన్ మాత్రం మారుతూ వచ్చింది. పిల్లాడికి అర్థం కావాలన్నది రిక్వైర్‌మెంట్. సిలబస్, మీడియం, టెక్నాలజీ అన్నీ ఇంప్లిమెంటేషన్. వాటిని శాశ్వతం అనుకున్నా పొరపాటే, మార్చేస్తే అభివృద్ధి అనుకున్నా పొరపాటే.

2022లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బళ్ళన్నిట్లో ఇంగ్లీషు మీడియం పెడుతున్నట్టు ప్రకటించింది. తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే. తప్పు పట్టలేం, మనం ఆ ఇంగ్లీషుతోనే కదా ఉద్యోగాలు తెచ్చుకున్నాం! కానీ ఉస్మానియా పెద్దలు 1917లో అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఈసారి మీ పిల్లల మార్కులు చూసినప్పుడు, ఆ పాఠాన్ని ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పమని అడిగి చూడండి. ఏం చెప్తారో మీకే తెలుస్తుంది.