జైమె లెర్నర్

జైమె లెర్నర్ (1937–2021) బ్రెజిల్ దేశపు వాస్తుశిల్పి, పట్టణ ప్రణాళికా నిపుణుడు. పరానా రాష్ట్ర రాజధాని కురితీబాకు మూడు విడతలు (1971–75, 1979–83, 1989–92) మేయరుగా పనిచేశారు. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో ఆ ఊళ్లోనే పుట్టారు. మొదటి రెండు విడతలూ మేయరు పదవి సైనిక పాలకుల నియామకంతో దక్కింది. 1988లో మాత్రం జనం ఓట్లతో గెలిచారు. ఆయన పనుల వేగాన్ని మెచ్చుకునేవారు ఈ తేడాను సాధారణంగా ప్రస్తావించరు.

ఆ వేగానికి పేరుపడ్డ ఉదాహరణ 1972 నాటిది. నగరం నడిబొడ్డున ఉన్న నవంబరు 15 వీధిలోకి వాహనాలు రాకుండా చేయాలని లెర్నర్ తలపెట్టారు. బేరాలు పోతాయని దుకాణదారులు ఎదురు తిరిగారు. కోర్టు ఉత్తర్వులు వచ్చేలోపే పని ముగియాలని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టించి, 72 గంటల్లో రోడ్డును నడకదారిగా మార్పించారు. కార్ల యజమానులు దండుగా వచ్చి వీధిని ఆక్రమిస్తారని తెలిసినప్పుడు పోలీసులను పిలవలేదు. దారి పొడవునా కాగితం పరిపించి, పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు వేయించారు. కార్లు వెనుదిరిగాయి. కొన్నాళ్లకు ఆ దుకాణదారులే నడకదారిని ఇంకా పొడిగించమని అడిగారు.

రవాణాలోనూ ఆయనది ఇదే ధోరణి. మెట్రోకు డబ్బు లేదు. కాబట్టి బస్సునే మెట్రోలా నడపాలన్నారు. 1974లో బస్సులకే ప్రత్యేకించిన దారులు మొదలయ్యాయి. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు వచ్చాయి. టికెట్ ముందే తీసుకుని, బస్సు లోపలి నేలకు సమానమైన ఎత్తు నుంచి నేరుగా లోపలికి అడుగు పెట్టవచ్చు. ఎక్కడం, దిగడం క్షణాల్లో అయిపోతుంది. 1966 నాటి మాస్టర్ ప్లాన్‌ను అనుసరించి ఎత్తైన భవనాలను ఈ దారుల వెంబడే కట్టనిచ్చారు. అసలు తెలివి ఇక్కడే ఉందనాలి.

చెత్త బండి వెళ్లలేని ఇరుకు బస్తీల్లో, చెత్త సంచులు తెచ్చిచ్చినవారికి బస్సు టోకెన్లు, కూరగాయలు ఇచ్చే పద్ధతి పెట్టారు. వరద నీటిని కాలువల్లో బంధించే బదులు చెరువులున్న పార్కుల్లోకి మళ్లించారు.

తర్వాత 1995 నుంచి 2002 వరకు పరానా గవర్నరుగా ఉన్నారు. కొలంబియాలోని బొగొతా నగరం 2000లో ప్రారంభించిన ట్రాన్స్‌మిలేనియో బస్సులకు కురితీబాయే నమూనా. విజయవాడ జనం ‘బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) రోడ్డు’ అని పిలిచే దారి కూడా ఈ ఆలోచనా పరంపరలోనిదే. అయితే కురితీబాలో పేదలు శివార్లకే పరిమితమయ్యారన్న విమర్శ బలంగా ఉంది. బస్సులకు ఇంత పేరున్నా, తలసరి కార్ల సంఖ్యలో ఆ నగరం బ్రెజిల్‌లో ముందువరుసలో ఉంది.