ఇన్‌హేలర్ వాడకం – కోలారు బంగారు గనుల ప్రాంతం

ఉబ్బసం, సి.ఓ.పి.డి. వంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో మందును నేరుగా శ్వాసనాళాలకు చేర్చే పరికరం ఇన్‌హేలర్. వాడుకలో పంపు అనీ అంటారు. తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉన్న కర్ణాటక సరిహద్దు జిల్లా కోలారులో ఈ చికిత్స చరిత్ర గని దుమ్ముతో ముడిపడి ఉంది.

పూర్వకాలం: ఆయుర్వేదం ఉబ్బసాన్ని తమక శ్వాసగా వర్ణించి ఔషధ ధూమపానాన్ని చెప్పింది. 1802 ప్రాంతంలో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ వాడిన ఉమ్మెత్త పొగ చికిత్స బ్రిటన్‌కు చేరింది.

గనుల కాలం: 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ప్రవేశంతో మైసూర్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ గనులు విస్తరించాయి. 1902లో శివనసముద్రం నుంచి విద్యుత్తు వచ్చింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో దాదాపు 30,000 మంది పనిచేశారు. తమిళ ప్రాంతాల నుంచీ, చిత్తూరు వైపు నుంచీ వచ్చిన దళిత కుటుంబాలే ఆ శ్రమను మోశాయి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. బంగారం ఉన్న స్ఫటిక శిలను తొలిచి పేల్చినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల అడుగుకు చేరి మచ్చలు కట్టిస్తుంది. అదే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. గనిపని మానేశాక కూడా అది ముదరవచ్చు, క్షయ వచ్చే ముప్పును పెంచుతుంది.

భారతదేశంలో సిలికోసిస్ తొలిసారి నమోదైనది కోలారు గనుల్లోనే. కొన్ని రచనలు 1934 అనీ, వైద్య విద్యార్థుల పాఠ్యగ్రంథాలు 1947 అనీ పేర్కొంటాయి. 1940లలో పరీక్షించిన 7,653 మంది కార్మికుల్లో 43.7 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు. గనిలోకి దిగే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయడం, నీళ్లు చిమ్ముతూ రాతిని తొలవడం, గాలి ప్రసరణను మెరుగుపరచడం వంటి చర్యలే అసలైన రక్షణ. 1952 గనుల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. సిలికోసిస్ మచ్చలు లేని గనికార్మికుల్లోనూ ధూళి వల్ల శ్వాసనాళాలు ఇరుకై సి.ఓ.పి.డి. రావచ్చని, పొగతాగితే నష్టం పెరుగుతుందని దక్షిణాఫ్రికా బంగారు గనుల అధ్యయనాలు నిరూపించాయి. ఇన్‌హేలర్ మేలు చేసేది ఈ ఇరుకుదనానికే. మచ్చలను అది మాన్పలేదు.

ఇన్‌హేలర్ల రాక: కోలారు గనులను జాతీయం చేసిన 1956లోనే అమెరికాలో రైకర్ లేబొరేటరీస్, నొక్కితే కొలిచిన మోతాదు వెలువడే తొలి మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్‌ను విడుదల చేసింది. 1969లో శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్, 1972లో స్టెరాయిడ్ మందు బెక్లోమెథసోన్, 1977లో పొడిమందు పీల్చే రోటాహేలర్ వచ్చాయి. భారతదేశంలో 1970ల చివర మందుల కంపెనీ సిప్లా ఇన్‌హేలర్ల తయారీకి పూనుకుంది. కోలారు గనులను నడిపేందుకు 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. దానితో చాంపియన్ రీఫ్స్‌లోని కంపెనీ ఆసుపత్రీ మూలనపడింది. స్థానికులు దాన్ని శ్రమదానంతో శుభ్రం చేసి 2021లో కోవిడ్ రోగుల కోసం తెరిపించడం మెచ్చదగిన పని. గనులు మూతపడినా, బంగారం తీయగా మిగిలిన కోట్ల టన్నుల వ్యర్థంతో పేరుకున్న సైనైడ్ గుట్టల నుంచి గాలికి ధూళి నేటికీ ఇళ్లపైకి వస్తోంది.

సరైన వాడకం: మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగాలి. రోటాహేలర్‌కు పీల్చే తీరు ఇందుకు తలకిందులు: బలంగా, వేగంగా పీల్చాలి. ఒకదాని పద్ధతిని మరొకదానికి వాడితే మందు ఊపిరితిత్తులకు సరిగా చేరదు. రోటాహేలర్‌లో పెట్టి పీల్చవలసిన గుళికను మింగేసిన రోగుల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. స్టెరాయిడ్ మందు తర్వాత నోరు పుక్కిలించకపోతే నోటిలో బూజు పూత రావచ్చు. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని వృద్ధులకు పంపుకూ నోటికీ మధ్య అమర్చే గొట్టం, అంటే స్పేసర్, ఎంతో ఉపకారి. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసర్ ఉబ్బసం పిల్లల్లో కొన్న పరికరానికి దీటుగా పనిచేసిందని 1999లో కేప్‌టౌన్ పరిశోధకులు చూపారు. పేద ఇళ్లకు ఇంతకు మించిన శుభవార్త లేదు.

మందు మానేయడం: ఆయాసం తగ్గగానే రోజువారీ నివారణ మందును ఆపేసి, ఇబ్బందైనప్పుడు మాత్రం తక్షణ ఉపశమనమిచ్చే నీలిరంగు పంపును ఆశ్రయించడం అన్నిటికన్నా హానికరమైన అలవాటు. పంపు మొదలెడితే జీవితాంతం వదలదన్న భయం, నలుగురిలో వాడటానికి సిగ్గు, ఖర్చు ఇందుకు తోడవుతాయి. పంపు వ్యసనం కాదు. మాత్రతో పోలిస్తే అతి తక్కువ మోతాదు సరిపోతుంది. ఉబ్బసానికి ఉపశమన మందును ఒక్కదాన్నే వాడరాదని 2019లో ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ గీనా మార్గదర్శకాలను మార్చింది.

1975 నుంచి 2014 వరకు వెలువడిన అధ్యయనాలను సమీక్షించిన స్పెయిన్ వైద్యుడు శాంచిస్ బృందం, సరైన పద్ధతిలో వాడేవారు 31 శాతమేనని, 40 ఏళ్లలో ఏ మెరుగూ లేదని 2016లో తేల్చింది. చీటీ రాసి పంపితే చాలదు. వచ్చిన ప్రతిసారీ పరికరాన్ని రోగి చేతికిచ్చి, వాడి చూపించమని అడిగి, తప్పును అక్కడే దిద్దాలన్నది నేటి వైద్య ప్రమాణం.