నెత్తురుతో చేసిన కన్నీళ్ళు

మనలో చాలామంది అఆలు దిద్దుకున్న పలక మార్కాపురం నుంచి వచ్చినదే అయ్యుంటుంది. అక్కడ పలకరాయిని ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు. చీల్చేటప్పుడు లేచే పెచ్చులు ఎక్కడికి పోతాయో చిన్నప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు. కొన్ని కళ్ళలోకి పోతాయి. మా పెద్దమామ కంట్లోకి అలాగే పోయింది.

ఇంట్లోవాళ్ళు ముందు చనుబాలు పిండారు. తర్వాత ఎవరో చెప్పారని ఆకు పసరు పోశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పుండు పడింది. మందులకి ఇన్ఫెక్షన్ తగ్గింది గానీ, పైపొర మాత్రం వారాలు గడిచినా మూసుకోలేదు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరుగారు మామ చేతి నుంచి రక్తం తీయించి, దాంతోనే చుక్కలమందు చేయించి ఇచ్చారు. "ఏందబ్బాయ్, నా నెత్తురు నా కంట్లోనే పోస్తారంట! పాలు పోస్తే తిట్టారు గదా?" అని మామ ఫోన్లో అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెళితే ఈ కథంతా దొరికింది.

మోకాలు గీరుకుంటే ఏమవుతుంది? రక్తం వస్తుంది, గడ్డకడుతుంది, చుట్టూ పసుప్పచ్చగా నీరు ఊరుతుంది. ఆ నీటిలో కణాలని "ఇక పెరగండి" అని తోసే పదార్థాలు ఉంటాయి. కానీ నల్లగుడ్డు మీది కార్నియాలో రక్తనాళాలే లేవు. ఉంటే వెలుతురు లోపలికి సరిగ్గా పోదు కాబట్టి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. మరి దానికి గాయమైతే? ఆ పనంతా కన్నీరే చేయాలి. కన్నీళ్ళలో ఈజీఎఫ్, విటమిన్ ఏ, ఫైబ్రోనెక్టిన్ లాంటివి ఉంటాయి. కన్నీరు ఎండిపోయినా, కన్ను కాలిపోయినా, పుండు మొండికేసినా ఆ సరఫరా చాలదు. షాపులో దొరికే కృత్రిమ కన్నీళ్ళు తడిని ఇస్తాయి గానీ, ఈ సరుకు వాటిలో ఉండదు.

రక్తంలో ఉంటుంది! గడ్డకట్టాక పైన తేలే సీరంలో దాదాపు ఇవన్నీ ఉంటాయి. ఇది వింటే చాలా సులువుగా తట్టాల్సిన ఆలోచన అనిపిస్తుంది గానీ, 1975లో గానీ పత్రికకి ఎక్కలేదు. అమెరికాలో రాల్ఫ్, డోన్, డోల్మన్ అనే ముగ్గురు, రసాయనాలతో కళ్ళు కాలినవాళ్ళకి ఒక చిన్న పంపు తగిలించి, దాంతో కంటిమీదికి ధారగా సీరం పంపారు. అసలు వాళ్ళ ధ్యాసంతా పంపు మీదే, సీరం అందులో ఒక సరుకు. (మనం టూల్ గురించి డెమో ఇచ్చి, అసలు డేటా సంగతి మర్చిపోయినట్టు :-)) 1984లో ఫాక్స్ బృందం షోగ్రెన్ అనే జబ్బుతో కళ్ళు ఎండిపోయినవాళ్ళకి సీరాన్ని చుక్కలుగా వాడి చూసింది. ఆ తర్వాత చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

దీన్ని మళ్ళీ లేపినవాడు జపాన్ డాక్టరు కజువో త్సుబోటా. 1999లో ఆయన బృందం రెండు పేపర్లు వేసింది. ఒకటి షోగ్రెన్ కళ్ళ మీద, ఇంకొకటి మా మామకి వచ్చినట్టు మానని పుళ్ళ మీద. 20 శాతానికి పలచన చేయడం వాడుకలో స్థిరపడింది కూడా అప్పుడే. కారణం ఏమిటంటే, సీరంలో టీజీఎఫ్-బీటా అనే పదార్థం కన్నీళ్ళలో కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. అది ఎక్కువైతే పైపొర పెరుగుదల మందగిస్తుంది. అందుకని ఒక వంతు సీరానికి నాలుగు వంతుల సెలైన్.

ఇక మన హైదరాబాదు సంగతి. సినిమా ఎల్.వి. ప్రసాద్ గారి విరాళంతో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన కంటి సంస్థ మనందరికీ తెలుసు. సీరం కథలో వాళ్ళ పాత్ర మాత్రం చాలామందికి తెలియదు. సున్నమో, యాసిడో పడి కార్నియా అంచులోని మూలకణాలు చచ్చిపోతే ఏ చుక్కలమందూ పనిచేయదు. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం, రెండో కంటి నుంచి కాసిని కణాలు తీసి ల్యాబులో పెంచి అతికించింది. ఆ పెంపకంలో ఎలుక కణాలు, దూడపిండం సీరం వాడారు. 2001లో హైదరాబాదులో వీరేందర్ సాంగ్వాన్ బృందం మొదలుపెట్టిన పద్ధతిలో ఎలుకా లేదు, దూడా లేదు. రోగి కణాలకి రోగి సీరమే మేత! పదేళ్ళ ఫలితాలు 2011లో వేశారు. 200 కళ్ళలో 71 శాతం నిలబడ్డాయి. మరుసటి ఏడాది ల్యాబు కూడా అక్కర్లేని స్లెట్ పద్ధతి తెచ్చారు. చిన్న ముక్క కోసి, ఇంకా చిన్న ముక్కలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అతికించి వదిలేస్తే, కణాలు కంటి మీదే పెరుగుతాయి. నా మటుకు నాకు ఇది మన ఊళ్ళో జరిగిన అతి గొప్ప ఇంజనీరింగ్.

సీరం చుక్కలు సంజీవని మాత్రం కాదు. 2017లో కొక్రేన్ వాళ్ళు పొడి కళ్ళ మీద వచ్చిన పరీక్షలన్నీ ఏరితే లెక్కకి నిలిచినవి ఐదు, అందులో జనం 92 మంది. కొద్దికాలం కాస్త మేలు ఉండొచ్చు, ఆపైన రుజువు చాలదు అన్నారు. పేటెంటు లేని మందు కాబట్టి పెద్ద పరీక్షకి డబ్బు పెట్టే కంపెనీ ఏముంటుంది?

మామ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. చనుబాలలోనూ ఈజీఎఫ్ ఉంటుంది. మన అమ్మమ్మలు మరీ అమాయకులేం కాదు. కానీ చేతుల మీదుగా, గిన్నెల మీదుగా పుండులోకి పోసిన పాలు క్రిములకి విందు. సీరం కూడా అంతే విందు. అందుకే శుభ్రమైన గదిలో తీయాలి, హెచ్ఐవి, హెపటైటిస్ పరీక్షలు చేయాలి, సీసాలని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి, తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఇంట్లో చేసుకునే పని కానే కాదు.

అసలు చిక్కు అక్కడే. పశ్చిమ ప్రకాశంలో కంటి వైద్యం అసలు లేదని కాదు. మార్కాపురంలోనే ఎల్.వి. ప్రసాద్ వాళ్ళ సెంటరుంది. కానీ ఈ మందు ఫ్యాక్టరీలో తయారై షాపుకి వచ్చేది కాదు. రోగి చేతి నుంచి మొదలై రోగి కంట్లో ముగుస్తుంది, మధ్యలో సెంట్రిఫ్యూజు, డీప్ ఫ్రీజరు. మామది గిద్దలూరు దగ్గర పల్లె, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. మిగతా సీసాలని గిద్దలూరులో తెలిసినవాళ్ళ ఐస్‌క్రీం షాపు ఫ్రీజర్లో దాచారు. వారానికో సీసా మా అత్త వెళ్ళి తెచ్చేది.

హైదరాబాదు నుంచి మొదటిసారి సీసాలు పట్టుకెళ్ళిన రాత్రి, ఎర్రగొండపాలెంలో బస్సు ఆగితే మామ టీ కూడా తాగకుండా థర్మాస్ మూత తీసి ఐసు కరిగిందేమోనని చూసుకున్నాడట. మూడో వారానికి పుండు మూసుకుంది. మచ్చ మిగిలింది. ఆ కంటితో ఇప్పుడు బస్సు వచ్చేది కనిపిస్తుంది, బోర్డు మాత్రం చదవలేడు.